మధ్యయుగంలో సన్యాసులు రోడ్లు, వంతెనలు ఎందుకు బాగుచేసేవారు?

ఇంగ్లండ్‌లో క్రైస్తవ సన్యాసులంతా అడవుల్లోనే ఉండేవారు కాదు. కొందరు పట్టణ ద్వారం దగ్గరో, వంతెన పక్కన చిన్న ప్రార్థనామందిరంలోనో ఉంటూ, వచ్చేపోయేవాళ్లిచ్చే కానుకలతో దారి మరమ్మతులు చేయించేవారు. బాటసారికి సాయం చేయడం అప్పటివాళ్లకు నిజమైన పుణ్యకార్యం. అలా డబ్బిచ్చినవాళ్లకు పాపాల శిక్షలో కొంత తగ్గింపు ఉంటుందని బిషప్పులు ప్రకటించేవారు. విరాళాలు రావడానికి అదో పెద్ద కారణం.

కొన్నిసార్లు రాజే అధికారం ఇచ్చేవాడు. 1364లో మూడో ఎడ్వర్డ్, విలియం ఫిలిప్ అనే సన్యాసికి లండన్ దగ్గర హైగేట్–స్మిత్‌ఫీల్డ్ దారిలో వెళ్లే సరుకులపై సుంకం వసూలు చేసుకోనిచ్చాడు. ఇప్పటి టోల్‌గేట్ లాంటిదే! ఆ డబ్బు రోడ్డుకే వాడాలి.

స్పెయిన్‌లో 1109లో మరణించిన సాంతో దొమింగో అనే సన్యాసి అయితే యాత్రికుల కోసం దారి, వంతెన, సత్రం కట్టించాడు. అక్కడ వెలసిన పట్టణానికి ఆయన పేరే పెట్టారు.