సీపీటీ 12 నెలలు నిండనివ్వకండి

ప్రశ్న: డాలస్‌లో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. మే 15తో కోర్సు అయిపోతుంది. ఇప్పటికి 8 నెలలు ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే ఉద్యోగం) చేశాను, ఇంకో 4 నెలలు చేయమంటున్నారు. అలా చేస్తే ఓపీటీ (చదువయ్యాక ఏడాదిపాటు పని చేసే అనుమతి) రాదని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా? ఓపీటీలో ఉద్యోగం దొరక్కపోతే ఓ కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని ఆఫర్ లెటర్ ఇస్తారట. తీసుకోవచ్చా?

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది నిజమే. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ ఉండదు, దాని వెనకే వచ్చే 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం డిగ్రీలకిచ్చే) పొడిగింపూ ఉండదు. 4 నెలల జీతానికి 3 ఏళ్లు వదులుకోకండి. వారానికి 20 గంటలు మించని పార్ట్‌టైమ్ సీపీటీ ఈ లెక్కలోకి రాదు కాబట్టి, మిగిలిన నెలలకు అది కుదురుతుందేమో కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే మీ డీఎస్‌ఓని వెంటనే అడగండి.

ఓపీటీకి ఫిబ్రవరి 14 నుంచే అప్లై చేయొచ్చు. డీఎస్‌ఓ సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లోపు దరఖాస్తు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి, చాలామంది ఇక్కడే జారిపోతారు. ఓపీటీ మొదలయ్యే తేదీ మే 16 నుంచి జులై 14 లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. చేతిలో ఉద్యోగం లేకపోతే మాత్రం కంగారుపడి మే 16 పెట్టకండి, ఎందుకంటే ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజులు ఓపీటీ అనుమతి కార్డు మీద ఉన్న ఆ తేదీ నుంచే ఖర్చవుతాయి.

ఇక ఆఫర్ లెటర్ సంగతి. వద్దు, ఎంత టెన్షన్‌గా ఉన్నా వద్దు. చేయని ఉద్యోగం చేసినట్టు చూపించడం మోసమే అవుతుంది, రేపు హెచ్‌1బీకి పే స్టబ్‌లు, డబ్ల్యూ2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) అడిగితే ఏం చూపిస్తారు? 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ పేరుతో అధికారులే పెట్టిన నకిలీ కాలేజీలో దొరికినవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో! ఆ రోజుల్లో ఇక్కడి ఇళ్లల్లో అమ్మానాన్నలు పడ్డ బాధ నాకింకా గుర్తుంది.

దానికి బదులు నిజమైన దారి ఒకటుంది. మొదటి ఏడాది ఓపీటీలో మీ చదువుకు సంబంధించిన పనైతే జీతం లేకున్నా సరిపోతుంది, వారానికి కనీసం 20 గంటలు చేయాలి, అక్కడి కార్మిక చట్టాలకు విరుద్ధంగా ఉండకూడదు. మీ ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, ఏదైనా స్వచ్ఛంద సంస్థలోనో అడిగి చూడండి. గంటలు, పని వివరాలు, సూపర్‌వైజర్ పేరు ఉన్న లెటర్ తీసుకుని దాచుకోండి. స్టెమ్ పొడిగింపులో మాత్రం ఇది చెల్లదు, అక్కడ జీతం ఉండాలి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి.