‘అసలు ఫుటేజీ’ అంటే చాలదు, ఆ టేపు ఎవరిదో అడుగు

చిరంజీవి కార్తీక్‌కి,

పెదనాన్న ఆశీస్సులు.

ఏలియన్ల సినిమాలో ‘అసలు ఫుటేజీ’ అని చూపించిన టేపులు నిజమేనా అని నువ్వు అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకుపోతారన్న కథతో 2009లో వచ్చిన ‘ది ఫోర్త్ కైండ్’ సినిమాలో తెరను రెండుగా చీల్చి ఒక పక్క మిల్లా యోవోవిచ్ నటనని, ఇంకో పక్క ‘అసలు’ డాక్టర్ అబిగేల్ టైలర్ టేపుల్ని చూపించారు కదా, ఆ రెండో పక్కన ఉన్నవి కూడా నటన తాలూకువే. పాలిపోయిన మొహంతో, గుంటలు పడ్డ కళ్లతో కూర్చుని దర్శకుడికి ఇంటర్వ్యూ ఇచ్చే ఆ ‘అసలు డాక్టరు’ షార్లట్ మిల్చర్డ్ అనే నటి. అబిగేల్ టైలర్ పేరుతో అలాస్కాలోని నోమ్ ఊళ్లో సైకాలజిస్టెవరూ లేరు. మంచం మీద గాల్లోకి లేచిన రోగి లేడు, 65 గంటల రికార్డింగూ లేదు.

ఇక రేపు ఇలాంటిదే ఇంకో సినిమా చూసినప్పుడు నీ అంతట నువ్వు తేల్చుకోవడం ఎలాగన్నది. ఇందులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఫ్రేము ఆపి, జూమ్ చేసి, నీడలు కొలవడంతో మొదలుపెడతారు. అది చివర చేయాల్సిన పని. బొమ్మని నమ్మించేలా చేయడం సినిమా వాళ్ల వృత్తి, ఆ ఆటలో వాళ్లే గెలుస్తారు. వాళ్లకి చేతకానిది బొమ్మకి బయట గతాన్ని పుట్టించడం. నిజమైన టేపుకి సినిమా కంటే ముందే ఒక బతుకు ఉంటుంది. ఎవరో తీశారు, ఎక్కడో దాచారు, పోలీసులో విలేకరులో చూశారు, ఎవరో రాశారు. కల్పించిన టేపు మాత్రం ఆ సినిమా ప్రచారంతోనే పుడుతుంది.

కాబట్టి మొదట మనిషిని వెతుకు. సినిమాలో డాక్టరు, పోలీసు అధికారి, ప్రొఫెసరు అని చూపించిన ప్రతి పేరునీ కాగితం మీద రాసుకో. అమెరికాలో వైద్యులకీ సైకాలజిస్టులకీ రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది, ఆ జాబితాలు ఆన్‌లైన్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మన దగ్గరైతే డాక్టర్లకి నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టరు, క్లినికల్ సైకాలజిస్టులకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరు ఉన్నాయి. ‘గోప్యత కోసం పేరు మార్చాం’ అని సినిమాలో రాస్తే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఇంకో ప్రశ్న వేసుకో: పేరు దాచాల్సినంత గోప్యమైతే మొహం ఎందుకు చూపించారు? రోగిని హిప్నోటైజ్ చేస్తూ తీసిన టేపుని రోగి అనుమతి లేకుండా సినిమాకి అమ్మిన డాక్టరు లైసెన్సు మీదకి తెచ్చుకున్నట్టే.

తర్వాత వార్తలు చూడు. ‘ఆ రోజుల్లో పేపర్లో వచ్చింది’ అని ఎవరైనా లింకు చూపిస్తే, ఆ లింకు ఏ పత్రిక సొంత సైట్లో ఉందో చూడు. ఫోర్త్ కైండ్ ప్రచారంలో జరిగిన గోల అదే. నోమ్, ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్ల అసలు పత్రికల పేర్లు పెట్టి, వాటిల్లో ఎన్నడూ అచ్చుకాని వార్తల్నీ సంస్మరణ ప్రకటనల్నీ తయారు చేసి నెట్లో పెట్టారు. అలాస్కా విలేకరులు ఊరుకోలేదు. ఆ సినిమాని విడుదల చేసిన యూనివర్సల్ సంస్థ చివరికి అలాస్కా ప్రెస్ క్లబ్‌కి 20 వేల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. డాక్టర్ టైలర్ వివరాలున్న ‘సైకియాట్రీ జర్నల్’ సైటు కూడా సినిమా రావడానికి కొద్ది నెలల ముందు పుట్టినదే. ఇది నువ్వే చూసుకోవచ్చు. సైటు చిరునామాని ఏదైనా ‘హూఈజ్’ పేజీలో వేస్తే డొమైన్ ఎప్పుడు నమోదైందో తేదీ వస్తుంది. పాత వెబ్ పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్లో వేస్తే ఆ పేజీని మొదటిసారి భద్రపరిచిన తేదీ కనిపిస్తుంది. 2000 సంవత్సరంలో జరిగిన సంఘటన గురించిన ‘పాత’ సైటు 2009లో పుట్టిందంటే ఇంకేం చూడక్కర్లేదు. పదినిమిషాల పని.

మూడోది ఊరు. మ్యాపులో నోమ్‌ని చూడు. బేరింగ్ సముద్రం ఒడ్డున, చెట్లు లేని టండ్రా మైదానంలో ఉంటుంది. అలాస్కాలోని పెద్ద నగరాలకి రోడ్డు లేదు, విమానంలోనో పడవలోనో పోవాలి. సినిమాలో కనిపించేదేమో దట్టమైన అడవి, ఎత్తైన కొండల మధ్య ఊరు. తీసింది బల్గేరియాలో, కెనడాలోని స్క్వామిష్ దగ్గర. నటులతో తీసిన భాగాన్ని ఎక్కడ తీసినా తప్పు లేదు, అది సినిమా. ‘అసలు’ అని చెప్పిన భాగాల్లో ఊరు ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా అన్నదే చూడాలి. సాధారణంగా ఉండవు. నాలుగు గోడలు, ఒక కుర్చీ, ఒక మంచం, అంతే. సరిచూడడానికి చేతికేమీ దొరక్కూడదని కట్టిన గది అది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నోమ్‌లో మనుషులు మాయమైన మాట నిజమే. చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు కనబడకుండా పోయారు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2005లో రెండు డజన్ల దాకా కేసులు తిరగేసి, ఎక్కువ వాటికి మద్యం, భయంకరమైన చలి కారణమని తేల్చింది. కొన్ని శవాలు దొరకనే లేదు. ఆ కుటుంబాల దుఃఖాన్ని తెచ్చి గ్రహాంతరవాసుల కథకి పెట్టుబడి పెట్టారు. నాకు ఆ సినిమా మీద కోపం నకిలీ టేపుల వల్ల కంటే దీనివల్ల ఎక్కువ.

‘నిజ సంఘటన’ అనే మాట కింద మూడు వేరువేరు సంగతులు కలిపేస్తారు, విడదీసి చూడడం అలవాటు చేసుకో. మనిషి నిజమా, టేపు నిజమా, టేపులో చెప్పింది నిజమా? బెట్టీ, బార్నీ హిల్ దంపతుల విషయమే తీసుకో. 1961 సెప్టెంబరులో న్యూహాంప్‌షైర్‌లో రాత్రి కారులో వస్తుంటే తమను ఎత్తుకుపోయారని చెప్పినవాళ్లు. మనుషులు నిజం. 1964లో బోస్టన్‌లో డాక్టర్ బెంజమిన్ సైమన్ వాళ్లని హిప్నోటైజ్ చేసినప్పటి ఆడియో టేపులూ నిజమే, బార్నీ అరుపులు వింటే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ టేపులు తీసిన సైమనే ఎత్తుకుపోవడం జరిగిందని నమ్మలేదు. బెట్టీకి వచ్చిన కలలు, ఆమె వాటిని భర్తకి చెప్పడం ఆ కథకి మూలమని ఆయన అభిప్రాయం. హిప్నోసిస్‌లో మనిషి అబద్ధం చెప్పక్కర్లేదు. ఊహించుకున్నది జ్ఞాపకంలా వస్తుంది, అడిగే ప్రశ్నలోని సూచన జవాబులో చేరుతుంది, భయం మాత్రం అచ్చమైనదే. అందుకే ‘అంతలా ఎలా ఏడుస్తారు, నటన కాదు’ అన్న వాదన ఎక్కడికీ తీసుకెళ్లదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదలక, గదిలో ఎవరో నిలబడ్డట్టు అనిపించడం కూడా అంతే. దానికి స్లీప్ పెరాలిసిస్ అని పేరు. మన పల్లెల్లో గుండెల మీద దయ్యం కూర్చుందంటారు, అక్కడ ఏలియన్ వచ్చాడంటారు.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది: సినిమా వాళ్లు మోసం చేయకపోయినా సినిమాయే సాక్ష్యంగా మారిపోవడం. డీన్ అలియోటో అనే కుర్రాడు 1989లో సుమారు 6,500 డాలర్లతో ‘యూఎఫ్ఓ అబ్డక్షన్’ అనే సినిమా తీశాడు. యూఎఫ్ఓ అంటే ఆకాశంలో ఎగిరే, ఏమిటో తెలియని వస్తువు. పుట్టినరోజు పార్టీని ఇంట్లోవాళ్లే కెమెరాతో తీస్తుండగా ఏలియన్లు వచ్చినట్టు కథ. పంపిణీదారుడి గిడ్డంగి తగలబడి సరుకు పోయింది. బయటికి పోయిన కొన్ని కాపీల మీద కాపీలు తీసి, పేర్లు లేకుండా, చేతులు మారి యూఎఫ్ఓ అభిమానుల్లో ‘దొరికిన టేపు’గా తిరిగింది. తీసినవాడే తనది సినిమా అని చెప్పినా నమ్మనివాళ్లున్నారు. 1998లో అదే కథని యూపీఎన్ అనే అమెరికా టీవీ ఛానెల్ కోసం మళ్లీ తీశారు. అప్పుడు చివర్లో నటుల పేర్లు వేసినా చాలామంది నిజమనుకున్నారు. నీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, వీడియో ముక్క చూసినప్పుడు పూర్తి సినిమా వెతికి చివరి పేర్ల దాకా చూడు. ముక్కలోంచి నాలుగైదు స్క్రీన్‌షాట్లు తీసి బొమ్మని బట్టి వెతికే గూగుల్ లెన్స్‌లో వేస్తే చాలాసార్లు సినిమా పేరే బయటపడుతుంది.

అన్నిటికంటే కష్టమైన రకం అసలుదీ కల్పించిందీ కలిపి కుట్టినది. 1997 మార్చి 13 రాత్రి అరిజోనాలో ఫీనిక్స్ మీద దీపాల వరస కనిపించింది, జనం వీడియోలు తీశారు. ఆ వీడియోలు అసలువే. రాత్రి పదిగంటల ప్రాంతంలో తీసిన దీపాలు, మేరీలాండ్ ఎయిర్ నేషనల్ గార్డు విమానాలు నగరానికి నైరుతిలో ఉన్న గోల్డ్‌వాటర్ శిక్షణ మైదానం మీద వదిలిన ఫ్లేర్లు, అంటే వెలుగు కోసం గాల్లోంచి వదిలే మంట దివిటీలు. అదే చోటి నుంచి పగలు తీసిన బొమ్మని ఆ రాత్రి వీడియో మీద పరిస్తే, దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోయిన చోటు ఎస్ట్రెయా కొండల అంచుతో కలుస్తుంది. అంటే ఆరిపోలేదు, కొండ వెనక్కి దిగాయి. 2017లో వచ్చిన ‘ఫీనిక్స్ ఫర్‌గాటెన్’ ఆ రాత్రి నేపథ్యంగా ముగ్గురు కుర్రాళ్లు మాయమైన కథ అల్లింది. ఆ ముగ్గురూ కల్పితం. ఒక ముక్క నిజమని తేలగానే పక్క ముక్కనీ నమ్మేయకు, ప్రతి ముక్కకీ విడిగా పుట్టుక అడుగు.

ఇవన్నీ అయ్యాకే ఫ్రేముల పని. కంప్యూటర్లో వీడియోలు చూపించే వీఎల్‌సీలో ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమూ జరుగుతుంది, యూట్యూబ్‌లో ఆపి ఫుల్‌స్టాప్, కామా నొక్కితే ముందుకీ వెనక్కీ. వీహెచ్ఎస్ (పాత వీడియో క్యాసెట్) తరం కెమెరాలు ఒక్కో ఫ్రేమునీ బేసి గీతలు, సరి గీతలు అని రెండు సగాలుగా తీసేవి. అమెరికా పద్ధతిలో సెకనుకి దాదాపు 60 సగాలు, మన పద్ధతిలో 50. వేగంగా కదిలే చేతి దగ్గర ఆపితే అంచు దువ్వెన పళ్లలా కనిపించాలి. టేపుని కంప్యూటర్లోకి ఎక్కిస్తే బొమ్మ అడుగున కొద్ది గీతలు చిరిగినట్టు పక్కకి జరిగి ఉండాలి. ఇవి లేకపోతే అనుమానించు, ఉంటే మాత్రం నమ్మేయకు, ఆ రెండూ పెట్టే ఫిల్టర్లు ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి. పైగా యూట్యూబ్ కాపీలో ఈ గుర్తులు చెరిగిపోతాయి కాబట్టి డీవీడీ లాంటి మంచి కాపీ దొరికితేనే ఈ పరీక్షకి విలువ.

మూలన ఉండే తేదీ, టైము అక్షరాల్ని దగ్గరగా చూడు. కెమెరా ఆ అక్షరాల్ని బొమ్మతోపాటే టేపు మీదకి ఎక్కిస్తుంది. అందుకని టేపు దెబ్బతిని బొమ్మలో గీతలు పక్కకి లాగినప్పుడు, ఆ గీతల మీద ఉన్న అంకెలూ లాగాలి. మొహం వంకర్లు తిరుగుతుంటే కింద తేదీ మాత్రం కదలకుండా శుభ్రంగా ఉందంటే, తేదీని తర్వాత అతికించారన్నమాట. ఒక్క మినహాయింపు: కొన్ని ప్లేయర్లు టేపు ఎంత ఆడిందో చూపే కౌంటరుని ఆడించేటప్పుడు బొమ్మ పైన వేస్తాయి, అది కదలదు. శబ్దం సంగతి వేరు. బొమ్మ పూర్తిగా పాడైనా మాట స్పష్టంగా వినిపించడం వీహెచ్ఎస్‌లో సాధ్యమే, మామూలు ఆడియో టేపు అంచున విడిగా రికార్డవుతుంది. దాన్ని పట్టుకుని నకిలీ అని వాదించకు, తెలిసినవాడు నవ్వుతాడు. అసలు చూడాల్సింది బొమ్మ ఎప్పుడు చెడింది అన్నది. ఫోర్త్ కైండ్‌లో ఏలియన్ వచ్చే క్షణానికే ప్రతిసారీ చెడుతుంది, చూపించాల్సింది అయిపోగానే బాగవుతుంది. కెమెరాకి కథ తెలిసినట్టు!

ఫిల్ము రీలు అయితే పరీక్ష ఇంకా సులువు, ఇవ్వాల్సినవాళ్లు ఇస్తే. 1995లో లండన్‌కి చెందిన రే సాంటిల్లీ బయటపెట్టిన ‘ఏలియన్ శవపరీక్ష’ 1947 నాటిదన్నారు. కొడాక్ ఫిల్ము అంచున తయారైన ఏడాదికి గుర్తులుంటాయి, కానీ అవే గుర్తులు ఇరవై ఏళ్లకోసారి మళ్లీ వస్తాయి. కాబట్టి 1947 గుర్తే 1967కీ సరిపోతుంది. పైగా ఆ గుర్తు శవం బొమ్మ ఉన్న ముక్క మీదే ఉండాలి, రీలు మొదట్లో ఉండే ఖాళీ ఫిల్ము మీద ఉంటే ఏమీ తేలదు. చివరికి 2006లో సంగతి బయటికొచ్చింది. శవాన్ని చేసింది జాన్ హంఫ్రీస్ అనే శిల్పి. లోపల పెట్టింది గొర్రె మెదడు, కోడి పేగులు.

ఇక నువ్వు వాట్సాప్‌లో పంపే వీడియోలు. 2017లో విశాఖపట్నంలో భవనం కడుతున్న చోట దొరికిన ‘ఏలియన్లు’ అని ఒకటి దేశమంతా తిరిగింది, గుర్తుందా? తెల్లటి మొహాలు, సన్నటి కాళ్ల మీద నిటారుగా నిలబడిన మూడు ఆకారాలు. అవి ఈకలు సరిగా రాని గుడ్లగూబ పిల్లలు. వీడియో అసలుదే, పెట్టిన పేరు తప్పు. వాట్సాప్ వీడియోని కుదించి, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాల్ని తీసేస్తుంది. అందుకే ఈసారి ఏదైనా పంపితే ముందు తీసినవాడి దగ్గర నుంచే ఫైలు అడుగు, వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమను. తీసిన ఊరు, తేదీ, టైము, ఏ దిక్కుకి తిరిగి తీశారో రాయించు. ఆకాశంలో దీపాలైతే ఆ వివరాలు స్టెల్లేరియంలో (ఏ రోజు ఏ ఊళ్లో ఆకాశం ఎలా ఉంటుందో చూపే ప్రోగ్రాం) వేసి ఆ దిక్కున శుక్రుడు ఉన్నాడా అని చూడు. ముత్యాల వరసలా ఒకదాని వెనక ఒకటి పోతుంటే, ఆ వారంలో ఇంటర్నెట్ కోసం గుంపుగా వదిలే స్టార్‌లింక్ ఉపగ్రహాలు వదిలారేమో వెతుకు. ఈ నాలుగూ లేకుండా వచ్చిన ముక్కని నాకు పంపకు, అందులో చూడడానికేమీ ఉండదు.

ఆశీస్సులతో,
పెదనాన్న