ముందు సామాన్ల గది గీయండి

ప్రశ్న: ఆర్కిటెక్చర్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. రొమేనియాలోని క్లూజ్ నగరంలో ఉండే హంగేరియన్ మైనారిటీల కోసం ఒక నాటకశాల డిజైన్ చేశాను. ఎవరూ కట్టేది కాదు, ప్రాజెక్టు కోసం గీసిందే. 800 సీట్లు, బాల్కనీ, ముందు గోడంతా హంగేరియన్ జానపద కుట్టుపని డిజైన్లు. జ్యూరీలో ఒకాయన, "వాళ్లకు థియేటర్ ఉందిగా, ఇంకోటి ఎందుకు? అయినా ఇది థియేటరా, మ్యూజియమా?" అన్నారు. నోట మాట రాలేదు. మళ్లీ రివ్యూ అంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం మార్చమంటారు?
— ఒక విద్యార్థిని

జవాబు: ఆయన ప్రశ్న కటువుగా ఉన్నా న్యాయమైనదే. ముందు చరిత్ర చూసుకోండి, మీ వాదనకు బలం అక్కడే ఉంది.

క్లూజ్‌ను హంగేరియన్లు కొలోష్వార్ అంటారు. అక్కడ వాళ్ల నాటక బృందం 1792లోనే మొదలైంది. 1821లో సొంత రాతి భవనం వచ్చింది. 1906లో, యూరప్ నిండా థియేటర్లు కట్టిన వియన్నా జంట ఫెల్నర్, హెల్మర్ గీసిన పెద్ద భవనంలోకి మారారు. అందులో ఉన్నది పదమూడేళ్లే. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఊరు హంగేరీ నుంచి రొమేనియా చేతికి వెళ్లింది. 1919 సెప్టెంబరు 30న యానోవిచ్ యెనో నడిపే ఈ హంగేరియన్ బృందం ఆ స్టేజీ మీద 'హామ్లెట్' ఆడి ఖాళీ చేసింది. సరిహద్దులు మార్చిన ట్రయనాన్ ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఆ మరుసటి ఏడాది జూన్‌లో. అంటే కాగితం కన్నా ముందే స్టేజీ చేతులు మారింది!

ఆ బృందం సోమెష్ నది దగ్గర, పార్కు పక్కన 1910లో కట్టిన వేసవి థియేటర్‌కు చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. 1959-61 మధ్య ఆ భవనాన్ని బాగా మార్చి కట్టారు. 1948లో పుట్టిన హంగేరియన్ ఒపేరా కూడా అందులోనే ఉంటుంది. మీ మొదటి జవాబు ఇదే: థియేటర్ ఉంది, కానీ ఇద్దరు పంచుకుంటున్నారు. కాబట్టి మీరు ఇవ్వాల్సింది రెండో స్మారక చిహ్నం కాదు, రెండో స్టేజీ.

ఇక 800 సీట్ల సంగతి. 2011 జనాభా లెక్కల్లో క్లూజ్‌లో హంగేరియన్లు సుమారు 16 శాతం, అంటే 50 వేల లోపే. అందులో నాటకాలకు వచ్చేవాళ్లు ఎందరుంటారు? అంత పెద్ద హాల్లో ఒక నాటకాన్ని కొద్ది రాత్రులు ఆడితే చూడాల్సినవాళ్లందరూ చూసేస్తారు. చిన్న భాషా సమాజానికి ఆడే బృందం నాటకాలు మారుస్తూ ఉండక తప్పదు. ఈ రాత్రి ఒకటి, రేపు ఇంకొకటి. అలా ఆడాలంటే సీట్లు తగ్గాలి, సెట్లు పెట్టుకునే చోటు పెరగాలి. మీ ప్లాన్‌లో సామాన్ల గది టాయిలెట్ల కన్నా చిన్నదిగా ఉంది. నేను స్టేజీ డ్రాయింగులు గీసే మనిషిని, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

స్టేజీ పక్కన స్టేజీ అంత ఖాళీ వదలండి. సెట్‌ను చక్రాల బల్ల మీద అలాగే పక్కకు తోసేయవచ్చు. ఆ చోటు లేకపోతే ప్రతి రాత్రీ విప్పాలి, పొద్దున్నే బిగించాలి. సెట్లు లోపలికి తెచ్చే లోడింగ్ గుమ్మం ఎత్తు కూడా చూసుకోండి. గుమ్మం పొట్టిదైతే సెట్ గోడను రెండు ముక్కలు చేసి కీళ్లు వేస్తారు. పక్క నుంచి లైటు పడగానే ఆ అతుకు గీతలా బయటపడుతుంది. రంగు ఎంత పూసినా దాగదు.

బాల్కనీ తీసేయండి. క్లూజ్ హంగేరియన్ థియేటర్‌లో నాటకాలకు రొమేనియన్ సబ్‌టైటిల్స్ వేస్తారు. పక్కింటి రొమేనియన్ వచ్చి చూసేది వాటి ఆధారంగానే. ఆ సబ్‌టైటిల్స్ పడే తెర స్టేజీ పైన ఉంటుంది కాబట్టి బాల్కనీ కింద ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకు స్లాబ్ అడ్డొచ్చి అక్షరాలు కనిపించవు. మొదటి వరసవాళ్లకు మెడ పట్టేస్తుంది. సెక్షన్‌లో, అంటే భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగులో, ప్రతి వరస నుంచీ తెరకు చూపు గీత గీయండి. 300 సీట్ల హాలు, పక్కన చిన్న స్టూడియో చాలు.

కుట్టుపని గోడ నాకు నచ్చలేదు. స్లొవేనియాలోని లెండవాలో, అక్కడి చిన్న హంగేరియన్ సమాజం ఉండే ఊళ్లో, హంగేరియన్ ఆర్కిటెక్ట్ ఇమ్రె మకోవెట్స్ డిజైన్ చేసిన థియేటర్ 2004లో పూర్తయింది. చూడండి, కానీ కాపీ కొట్టకండి. ఆయన దగ్గర ఆకారం భవనంలోంచే పుట్టుకొస్తుంది. మీ గోడ మీద అది పెళ్లి పందిరికి కట్టిన పరదాలా వేలాడుతోంది.

ఇంకో ప్రశ్న: ఒకే భవనంలో రెండు మూడు భాషల నాటకాలు నడవవా? విడివిడిగా కట్టడం దండగ కాదా?

జవాబు: భేషుగ్గా నడుస్తాయి. రొమేనియాలోనే తిమిషోవారాలో రొమేనియన్ నేషనల్ థియేటర్, ఒపేరా, జర్మన్ థియేటర్, హంగేరియన్ థియేటర్ ఒకే కప్పు కింద ఉన్నాయి. కాకపోతే ఏ రోజు స్టేజీ ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఎవరికి వారికి సొంత రిహార్సల్ గది ఉండాలి. అది లేని చోట తేదీల దగ్గరే తగాదాలు మొదలవుతాయి.

పైన ప్రశ్న అడిగిన అమ్మాయికి ఒక మాట: ఈసారి రివ్యూలో ముఖద్వారం బొమ్మ కాకుండా సెక్షన్ షీటు ముందు తగిలించండి. లోడింగ్ గుమ్మం ఎత్తు అంకెతో రాయండి. అంత ఎత్తెందుకని అడిగితే రాత్రికో నాటకం లెక్క నుంచి మొదలుపెట్టి చెప్పండి.