హార్మోన్ ఇంజక్షన్ల కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

గుంటూరు నుంచి ఒక సోదరి అడిగారు: వయసు 39, బ్రెస్ట్ క్యాన్సర్‌కి సర్జరీ, కీమో, రేడియేషన్ అయిపోయాయి, వాటికి ఇన్సూరెన్స్ వచ్చింది. ఇప్పుడు 28 రోజులకోసారి గోసెరెలిన్ (అండాశయాలను ఆపి ఉంచే) ఇంజక్షన్, రోజూ ఎగ్జిమెస్టేన్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గించే) మాత్ర, 5 ఏళ్లు వాడమన్నారు. రెండూ కలిపి సారికి 9 వేలు, ఇన్సూరెన్స్ వాళ్లు దీనికి డబ్బులు రావంటున్నారు. మా ఆయన జీతం ఒక్కటే, 6 లక్షల ఎఫ్‌డీ తీసేద్దాం, నెలకి 10 వేల మ్యూచువల్ ఫండ్ సిప్ మాత్రం ఆపొద్దంటున్నారు.

అమ్మా, నేనైతే దీనికి రివర్స్‌లో చెప్తా. ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు, తగ్గించాల్సింది సిప్పే.

ముందు లెక్క చూడండి, నెలకోసారి అనుకుంటే ఏడాదికి 12 ఇంజక్షన్లు, కానీ 28 రోజులకోసారి కాబట్టి 13 పడతాయి, అంటే 1,17,000, ఐదేళ్లకి 5,85,000, మీ ఎఫ్‌డీ మొత్తం దీనికే సరి. రేపు స్కానింగ్‌లో ఏదన్నా తేడా వస్తే, లేదా మీ వారి ఉద్యోగానికి ఇబ్బందొస్తే చేతిలో ఏముంటుంది? ఇది హాస్పిటల్ బిల్లు కాదండీ, ఐదేళ్ల ఈఎంఐ అనుకోండి, ఈఎంఐ జీతంలోంచే కట్టాలి. సిప్‌ని 3 వేలకి దించండి, 7 వేలు అక్కడ దొరికాయి, మిగతా 2 వేలు ఇంటి ఖర్చులో సర్దుకోవచ్చు, ఒకే నెలలో రెండు ఇంజక్షన్లు పడే నెల ఏదో ఇప్పుడే క్యాలెండర్లో రౌండ్ చేసి పెట్టుకోండి. ఈ మందులకి ఎముకలు బలహీనపడొచ్చు కాబట్టి వాటి బలం చూసే డెక్సా స్కాన్, కాల్షియం ఖర్చు కూడా ఉంటుంది, దానికి ఎఫ్‌డీ వడ్డీ వాడుకోండి.

డబ్బులు టైట్‌గా ఉన్నాయని ఇంజక్షన్ మాత్రం వాయిదా వేయొద్దు. మీకింకా మెనోపాజ్ రాలేదు కదా, అండాశయాలు పనిచేస్తుంటే ఎగ్జిమెస్టేన్ ఒక్కటే వేసుకున్నా పెద్దగా ఉపయోగం ఉండదు, ఇంజక్షన్ వాటిని ఆపి ఉంచితేనే ఆ మాత్ర పని చేసేది. అంటే ఇంజక్షన్ మానేస్తే మాత్ర డబ్బులు కూడా దండగే.

ఖర్చు భారమైతే ఆ మాట డాక్టర్ గారితో మొహమాటం లేకుండా చెప్పండి. వేరే కంపెనీ మందు, మూడు నెలలకోసారి వేసే ఇంజక్షన్, లేదంటే ల్యాప్రోస్కోపీలో అండాశయాలు తీసేయడం, ఇలా దారులున్నాయి. ఆపరేషన్ అయితే అడ్మిషన్ ఉంటుంది కాబట్టి ఇన్సూరెన్స్‌కి ముందే ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) పెట్టి చూడొచ్చు, కానీ తీసేశాక మళ్లీ వెనక్కి రావు, ఇంకా పిల్లలు కావాలనుకుంటే అసలు వద్దు, డబ్బు చూసి మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి.

ఇంజక్షన్ కోసం ఉత్తుత్తి అడ్మిషన్ రాయించుకుని క్లెయిమ్ చేద్దామని ఎవరో ఒకరు చెప్తారు, వినకండి, అది ఫ్రాడ్, దొరికితే పాలసీకే ఎసరు. ఈ స్థితిలో మీకు కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం, కాబట్టి రెన్యువల్ డేట్ మిస్ అవ్వొద్దు, క్లెయిమ్ చేశారన్న కారణంతో వాళ్లు రెన్యువల్ ఆపడానికి లేదు.

ట్యాక్స్ సంగతి, మీ వారు ఓల్డ్ రెజీమ్‌లో ఉంటే పెద్ద జబ్బుల వైద్య ఖర్చుకి ఇచ్చే 80డీడీబీ మినహాయింపు కింద ట్యాక్స్ లెక్కేసే ఆదాయంలోంచి 40,000 వరకు తగ్గుతుంది, ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) ప్రిస్క్రిప్షన్, మందుల బిల్లులు దాచుకోండి. న్యూ రెజీమ్‌లో ఇది లేదు, అలాగని దీనికోసమే మారిపోకండి, ఒకసారి రెండూ లెక్కేయించి చూసుకోండి.