మిల్లు మెయిల్ సర్వర్ మార్చాలె, ఎట్ల?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు ఆఫీసుల కంప్యూటర్లు నేనే చూస్కుంట. మెయిల్ సర్వర్ సెంటోస్ 7 (లినక్స్) మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, తీసుకునేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు చూపించేది) తోని నడుస్తది, 40 మంది వాడ్తరు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారుద్దామనుకుంటున్న, కని ఒక్క మెయిల్ పోయినా మా సేటు ఊకోడు. ఎట్ల చెయ్యాలె?

జవాబు: మంచి పని తమ్మీ, సెంటోస్ 7కు 2024 జూన్ 30తోనే అప్‌డేట్లు బందైనయ్, ఇంక దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టుడు మంచిది కాదు. నీ భయం సగం తీసేస్త. సర్వర్ రెండు మూడు గంటలు ఆపినా బయటోళ్ల మెయిల్ పోదు, పంపిన సర్వర్ దాన్ని క్యూల పెట్టుకోని మళ్ల మళ్ల ట్రై చేస్తది, పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగ 5 రోజుల దాక.

అసలు తిప్పలంతా పాత మెయిల్స్ కాడనే. మెయిల్‌డిర్ పద్ధతిల (ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైల్) ఉంటే ప్రతి ఫోల్డర్ల డవ్‌కాట్-యూఐడీలిస్ట్ అని చిన్న ఫైల్ ఉంటది, ఏ మెయిల్‌కు ఏ నంబరో దాన్లనే రాసుంటది, అది ఇడిసిపెట్టి మెయిల్స్ ఒక్కటే కాపీ చేసినవనుకో, తెల్లారి అందరి అవుట్‌లుక్ అన్నీ కొత్త మెయిల్సే అనుకోని మొదటి నుంచి దింపుకుంటది, పాప్ (మెయిల్స్ కంప్యూటర్‌లకు దింపుకునే పద్ధతి) వాడేటోళ్లకైతే ఒక్కోటి రెండు రెండు కనవడ్తయ్. అందుకే ఫోల్డర్‌కు ఫోల్డర్ మొత్తం ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) చెయ్యి. సర్వర్ నడుస్తుండంగనే ఒకపారి, తర్వాత ఆదివారం రాత్రి రెండు సర్వీసులు ఆపి ఆఖరిపారి, ఈ ఆఖరి దాంట్ల డిలీట్ ఆప్షన్ పెట్టాలె, ఎందుకంటే మెయిల్ చదివితే ఫైల్ పేరే మారుతది, పాత పేరుది అట్లనే మిగిలితే డబుల్ ఐతది. ఆపే ముందుగాల మెయిల్‌క్యూ (ఇంక పోవాల్సిన మెయిల్స్ లైను) ఖాళీ అయిందా చూడు. ఫైళ్ల ఓనర్ యూఐడీ నంబర్ (ఇది యూజర్ నంబర్, పైన చెప్పిన మెయిల్ నంబర్ కాదు) రెండు దిక్కుల ఒక్కటే ఉండాలె.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్ ఫ్రీబీఎస్‌డీల స్లాష్ ఈటీసీల ఉండయ్, స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్ స్లాష్ ఈటీసీల ఉంటయ్. డవ్‌కాట్ 2.4 వేస్తే పాత కాన్ఫిగ్ ఉన్నదున్నట్టు పనిజెయ్యది, తిరిగి రాయాలె, దానికో రోజు పెట్టుకో.

స్టాటిక్ ఐపీ రౌటర్ మీదనే ఉంటే నీకు సగం పని తప్పినట్టే, 25, 587, 993 పోర్టులు, పాప్ వాడేటోళ్లుంటే 995 కూడ, కొత్త మిషన్‌కు తిప్పితే చాలు, డీఎన్ఎస్, పీటీఆర్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు), ఎస్‌పీఎఫ్ (మీ పేరు మీద ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) ఏదీ ముట్టుకునే పని లేదు. డీకిమ్ కీ (పంపే మెయిల్స్ మీద సంతకం పెట్టే తాళం) మాత్రం యాదికి పెట్టుకోని తెచ్చుకో. ఐపీ మారుతదంటే ఒకరోజు ముందే డీఎన్ఎస్‌ల టీటీఎల్ (పాత అడ్రస్ ఎంతసేపు యాది పెట్టుకోవాల్నో చెప్పే సెకన్ల లెక్క) 300కు దించు, పీటీఆర్ కోసం నెట్ కంపెనీకి వారం ముందు చెప్పు.

ముందుగాల నీ ఒక్కని మెయిల్‌బాక్స్‌తోని ట్రై చెయ్యి. వడ్లు దిగే సీజన్ల మాత్రం ఈ పని పెట్టుకోకు, పాత మిషన్‌ను కూడ నెల దాక చెరపకు.