టౌన్ ప్లానింగ్ వృత్తిలోకి వస్తానన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సివిల్ ఇంజినీరింగ్ పూర్తయింది కాబట్టి ఇక ప్లానింగ్‌లో మాస్టర్స్ చేయాలా, పర్యావరణ కన్సల్టెన్సీలో చేరాలా, లేక మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ పోస్టుల నోటిఫికేషన్ కోసం చదువుకుంటూ ఉండాలా అని అడిగావు. మూడింటి గురించీ చెబుతాను. కానీ దానికంటే ముందు ఈ వృత్తిలో మన స్థానం ఏమిటో నీకు తెలియాలి. అది తెలియక చేరినవాళ్లు కొద్ది కాలానికే విసిగి మానేయడమో, లేదా వచ్చిన ప్రతి ఫైలు మీదా సంతకం పెట్టి చేతులు దులుపుకోవడమో చాలాసార్లు చూశాను.

ప్లానర్ నిర్ణయించే మనిషి కాదు, సలహా ఇచ్చే మనిషి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మనం తయారుచేస్తాం, మంజూరు చేసేది ప్రభుత్వం. భూవినియోగ మార్పిడి కోరిన దరఖాస్తు మీద మనం నివేదిక రాస్తాం, ఉత్తర్వు పైనుంచి వస్తుంది. పర్యావరణ అనుమతుల్లోనూ ఇదే పద్ధతి: నిపుణుల కమిటీ మదింపు చేసి సిఫారసు చేస్తుంది, అనుమతి ఇచ్చేది మాత్రం ‘ఏ’ కేటగిరీ ప్రాజెక్టయితే కేంద్ర మంత్రిత్వ శాఖ, ‘బీ’ కేటగిరీ అయితే రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థ. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించుకున్నది సలహా కోసమే. నదికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన చెప్పిన మాట ఫలితంగానే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. కాకపోతే అలా వరద వచ్చాక అడిగే సలహాలు అరుదు. మనం ఇవ్వాల్సినవి వరద రాకముందు, ఎవరూ అడగనప్పుడు, వినడానికి ఎవరికీ పెద్దగా ఆసక్తి లేనప్పుడు ఇవ్వాల్సినవి. అందువల్ల ఏ దశలో చెప్పాం, ఏం చూసి చెప్పాం, ఎక్కడ రాసిపెట్టాం అన్న ప్రశ్నల మీదే మన పని విలువ ఆధారపడి ఉంటుంది.

దశ గురించి ముందు చెబుతాను. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌ను, అంటే మనవాళ్లు ఈఐఏ నోటిఫికేషన్ అనేదాన్ని, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి కూర్చుని చదువు. అందులో స్క్రీనింగ్ (ప్రాజెక్టుకు ఈఐఏ అధ్యయనం కావాలా అని తేల్చడం), స్కోపింగ్ (ఏమేం అధ్యయనం చేయాలో తేల్చడం), ప్రజాభిప్రాయ సేకరణ, మదింపు అనే నాలుగు దశలు ఉంటాయి. చాలామంది దృష్టి అంతా మూడో దశ మీద ఉంటుంది, ఎందుకంటే పందిళ్లు, మైకులు, గొడవలు, పత్రికల్లో వార్తలు అన్నీ అక్కడే. నా అనుభవంలో అసలు పని జరిగేది రెండో దశలో. ఏ విషయాలను అధ్యయనం చేయాలో నిర్ణయించే టీఓఆర్ (టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్) పత్రంలో ఒక వాగు పేరు లేకపోతే తరువాత వచ్చే వందల పేజీల నివేదికలో ఆ వాగు ఉండదు, నివేదికలో లేనిదాని గురించి కమిటీలో అడిగేవారూ అరుదు. పైగా ఆ దశలో స్థలం ఇంకా పూర్తిగా ఖాయం కాదు, డిజైను మార్చడానికి కంపెనీకి పెద్ద ఖర్చు కాదు. భూమి కొని, అప్పు తెచ్చి, యంత్రాలకు ఆర్డరు ఇచ్చిన తరువాత ఎంత మంచి సలహా ఇచ్చినా ‘షరతులకు లోబడి’ అనే మాటలో కలిసిపోతుంది.

ఇంకో సంగతి గమనించు. 20,000 చదరపు మీటర్లకు మించిన భవన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి గానీ వాటికి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. పట్టణంలో రోజూ మన కళ్లముందు లేచే పెద్ద అపార్టుమెంటు సముదాయాలు చాలావరకు ఈ కోవలోవే. వాటి మురుగునీరు ఏ కాలువలో కలుస్తుంది, వేసవిలో నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, పక్క కాలనీ రోడ్డు ఆ వాహనాలను మోయగలదా అని బహిరంగంగా అడగడానికి వేదిక లేదు. ఆ ప్రశ్న పుట్టాల్సింది మున్సిపల్ ఆఫీసులో ప్లాను పరిశీలించే అధికారి నోట్‌లోనే. అక్కడ పుట్టకపోతే, ఇళ్లలోకి నీళ్లు వచ్చిన రోజున పుడుతుంది.

ఇక నేల చూడటం. దీని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు కనుక కొంచెం ఓపిక పట్టు. దరఖాస్తుతో పాటు వచ్చే ప్లానులో ప్రతి స్థలమూ చక్కని దీర్ఘచతురస్రంలాగే ఉంటుంది, చుట్టూ రోడ్లు కూడా ఉంటాయి. నువ్వు వెళ్లేటప్పుడు గ్రామ నక్షా, సర్వే నంబరు కొలతల పటం (ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్), పాత పహాణీ అంటే భూమి రికార్డు నకలు వెంట తీసుకెళ్లు. చెరువు దగ్గర స్థలం అయితే మరీ జాగ్రత్త. తెలంగాణలో 2012 నాటి జీఓ 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం ఉన్న చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూముల (చెరువు గర్భంలోని భూముల) నుంచి 9 మీటర్లు వదలాలి. నియమం చదవడానికి తేలికగానే ఉంటుంది, చిక్కంతా ఆ హద్దు ఎక్కడన్నదే. ఏప్రిల్‌లో వెళ్తే కుంట మొత్తం ఎండిన చదునైన నేలగా కనిపిస్తుంది, దరఖాస్తుదారు తరఫు మనిషి కట్టకు దూరంగా నిలబడి ‘ఇక్కడికి నీళ్లెప్పుడూ రాలేదు సార్’ అంటాడు. అప్పుడు నువ్వు కట్ట వెంట నడిచి అలుగు, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు, ఎక్కడుందో వెతుకు. అలుగు మట్టం తెలిస్తే లెవెలింగ్ పరికరంతో ఆ ఎత్తును చుట్టూ తిప్పి చూసుకోవచ్చు, నిండు చెరువు నీరు ఎక్కడిదాకా పాకుతుందో అదే చెబుతుంది. అలుగును ఎవరైనా పగలగొట్టి తగ్గించారా అన్నది కూడా దగ్గరగా చూడాలి. పాత రాయి పైన కొత్త గండి ఉంటే అది దాగదు. తూము రాళ్ల మీద నీటి మరకలు చూడు. చెరువు నీళ్లు పొలాలకు వదిలే ఆ ఊరి నీరటి కుటుంబం ఇంకా ఉంటే వాళ్లతో, లేకపోతే గొర్రెలు కాసేవాళ్లతో పది నిమిషాలు మాట్లాడు. రెవెన్యూ రికార్డు చెప్పనిది వాళ్లు చెబుతారు, అయితే వాళ్ల మాటను రికార్డుతో సరిచూసుకున్నాకే రాయి.

సైటుకు దరఖాస్తుదారు కారులో వెళ్లకు. ఆఫీసు జీపు లేకపోతే బస్సెక్కు.

కన్సల్టెన్సీలో చేరినా ఇదే దృష్టి అవసరం. ఈఐఏ నివేదిక చేతికి రాగానే ముందు గాలి నాణ్యత కొలిచిన కేంద్రాలు ఎక్కడ పెట్టారో పటంలో చూసి, పక్క పేజీల్లో ఉన్న గాలి దిశల చిత్రంతో పోల్చు. ఆ కాలంలో గాలి వీచే వైపున ఉన్న ఊళ్లలో కేంద్రం లేకుండా, ఎదురు దిశలో మూడు పెట్టి ఉంటే, ఆ అంకెలు నిజమే అయినా వాటి వల్ల ఉపయోగం లేదు. బోరు నీటిమట్టాలు ఏ నెలలో కొలిచారో చూడు. తరువాత చెట్లు, పక్షుల జాబితా తెరువు. మెట్ట ప్రాంతపు నివేదికలో మడ చెట్లు కనిపించాయంటే అది మరో ప్రాజెక్టు నుంచి ఎత్తుకొచ్చిన పేజీ అని వేరే చెప్పక్కరలేదు. ఇలాంటివి నేను చూశాను, అవి బయటపడినప్పుడు కింద సంతకం చేసిన కుర్ర ఉద్యోగే ముందు బలైపోవడం కూడా చూశాను. నువ్వు చూడని చోటును చూశానని రాసి ఎప్పుడూ సంతకం పెట్టకు, అవసరమైతే ఉద్యోగం మార్చుకో.

ప్రజాభిప్రాయ సేకరణలను చిన్నచూపు చూసేవాళ్లు మన వృత్తిలో చాలామంది ఉన్నారు, నాకది నచ్చదు. వాటిని కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, కలెక్టరో ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహిస్తారు, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మొత్తం వీడియో తీయాలి. అది ఓటింగు కాదు, ఇంతమంది రావాలన్న కోరమూ లేదు. అక్కడ ఒక రైతు లేచి ‘మా వాగు’ అని మొదలుపెట్టి ఉద్యోగాల మీదకు, అక్కడి నుంచి భూమి ధర మీదకు పోతాడు. వినేవాళ్లు విసుక్కుంటారు. ఆ వాగు మాట ప్రాజెక్టు వారి నివేదికలో ఉందో లేదో నువ్వు మాత్రం అప్పుడే పేజీ తిప్పి చూసుకో. లేవనెత్తిన పర్యావరణ అభ్యంతరాలకు తుది నివేదికలో జవాబు రాయాల్సిన బాధ్యత ప్రాజెక్టు వారిది, కన్సల్టెంటుగా ఆ జవాబు రాసేది నువ్వే. అలాగే కార్యనిర్వాహక సారాంశాన్ని తెలుగులో కూడా ఇవ్వాలన్న నియమం ఉంది. చాలా చోట్ల అది చదివితే తల తిరుగుతుంది, ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. నీకు తెలుగు బాగా వచ్చు కనుక, ఆ పని ఎవరికో పొరుగు సేవకు ఇచ్చెయ్యనివ్వకుండా నువ్వే అడిగి తీసుకో. ఈఐఏ నివేదిక ముసాయిదా ప్రతులు కలెక్టరేట్‌తో పాటు స్థానిక సంస్థలకు కూడా వస్తాయి. మున్సిపాలిటీలో పనిచేస్తుంటే అవి బీరువాలోకి పోకముందే నీ బల్ల మీదకు తెప్పించుకో.

రాయడం గురించి. మన ఆఫీసుల్లో ‘నిబంధనల మేరకు తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది’ అనే వాక్యం ఒకటి ఉంది. అది రాసినవాడికి రక్షణ ఇస్తుందని అందరూ అనుకుంటారు, నిజానికి అది ఎవరినీ రక్షించదు, ఎందుకంటే అందులో అభిప్రాయమే లేదు. నీ నోట్‌లో అడిగిందేమిటి, వర్తించే నియమం నంబరు ఏమిటి, స్థలాన్ని ఏ తేదీన చూశావు, ఏం కనిపించింది, కనుక నీ సిఫారసు ఏమిటి అన్నవి ఒక పేజీలో ఉండాలి. తిరస్కరించమని రాస్తే కారణం తప్పకుండా చెప్పు, కారణం లేని తిరస్కరణ కోర్టులో ఒక్క వాయిదాకు కూడా నిలబడదు. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక నీ నోట్‌ను ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. పర్యావరణ అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలుకు వెళ్లాలంటే 30 రోజులే మామూలు గడువు, ఆ హడావిడిలో అప్పీలు చేసేవాళ్లకు మొదట దొరికే ఆధారం ఫైలే. పైవాళ్లు నీ సిఫారసును కాదంటే బాధపడి కూర్చోకు. కాదనే అధికారం వాళ్లకు ఉంది. వాళ్లు తమ కారణాన్ని వాళ్ల చేతితో రాయాల్సిన పరిస్థితి నీ నోట్ కల్పిస్తే నీ పని నువ్వు చేసినట్టే. ఫోన్‌లో వచ్చిన ఆదేశాలను మాత్రం ఫైలు మీదకు తీసుకురా. ‘మౌఖిక ఆదేశాల మేరకు’ అని తేదీతో ఒక్క ముక్క రాస్తే, ఆ ఫోన్లు వాటంతట అవే తగ్గుతాయి.

కౌన్సిలర్లతో మర్యాదగా మెలుగు. 74వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పన్నెండో షెడ్యూలులో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. ఆచరణలో ఆ అధికారం చాలావరకు డీటీసీపీ (రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ) దగ్గరా, పట్టణాభివృద్ధి సంస్థల దగ్గరా ఉండిపోయిన మాట నిజమే గానీ, వార్డులో ఏ మలుపు దగ్గర కాలువ పూడుతుందో కౌన్సిలర్‌కు తెలిసినంతగా మాస్టర్ ప్లాన్‌కు తెలియదు. వాళ్లు అడిగే పనుల్లో కొన్ని తప్పుడువి ఉంటాయి. వాటికి ‘ఈ నియమం ఒప్పుకోదు’ అని నవ్వుతూ చెప్పి, ఒప్పుకునే దారి ఉంటే అదీ చూపించు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగనివాళ్ల సంగతికి పై పేరాలో చెప్పిన మందే.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. మాస్టర్స్ చెయ్యి. విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) పర్యావరణ ప్రణాళికకు ప్రత్యేకంగా కోర్సు ఉంది, హైదరాబాదులో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఉంది. సివిల్ చదివినవాళ్లు ఈ కోర్సుల్లో చేరవచ్చు, ఎక్కువ చోట్ల గేట్ స్కోరు చూస్తారు. దేశంలో అర్హులైన ప్లానర్ల కొరత ఎంత ఉందో నీతి ఆయోగ్ 2021 నివేదికలో చదువుకో. రాష్ట్రాల్లో మంజూరైన పోస్టులే నాలుగు వేల లోపు, వాటిలోనూ చాలా ఖాళీలు. కనుక డిగ్రీ వృథా కాదు. ఖర్చు వల్ల ఈ ఏడాది కుదరకపోతే ఈఐఏ కన్సల్టెంట్లకు గుర్తింపు ఇచ్చే నాబెట్ సంస్థ గుర్తింపు ఉన్న కన్సల్టెన్సీలో చేరు, అయితే రిపోర్టులు కూర్చే డెస్కు కాకుండా ఫీల్డుకు పంపే పని అడుగు. నోటిఫికేషన్ కోసం ఇంట్లో కూర్చోవడం మాత్రం వద్దు. టీపీబీఓ (టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్) లాంటి పోస్టులకు నీ సివిల్ డిగ్రీ ఎలాగూ సరిపోతుంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఏ పనిలో ఉన్నా రాయవచ్చు.

గేట్ దరఖాస్తులకు ఇంకా సమయం ఉంది. ఈలోపు మీ మున్సిపాలిటీ భూవినియోగ పటం సంపాదించి, మీ వార్డులో నివాస ప్రాంతంగా పసుపు రంగు వేసిన చోట నిజంగా ఏముందో ఒక ఆదివారం నడిచి చూడు. తేడా కనిపించిన ఒక్క స్థలం ఎంచుకుని దాని మీద ఒక పేజీ నోట్ రాసి నాకు పోస్టు చెయ్యి. నియమం నంబరు మరిచిపోకు.

ఆశీస్సులతో,
మామయ్య