డిగ్రీలో ఏ మేజర్? ఆప్షన్లు పెట్టేముందు

ప్రశ్న: మా అబ్బాయి ఎంపీసీ పాసయ్యాడు. ఫ్రెండ్సంతా బీఎస్సీ డేటా సైన్స్ పెడుతున్నారని తనూ అదే అంటున్నాడు. అందులో ఏం చెబుతారని అడిగితే ‘కంప్యూటరే కదమ్మా’ అంటాడు. వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్ వాళ్లే పెట్టేస్తామన్నారు. పెట్టించెయ్యమంటారా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: వద్దమ్మా. ఆప్షన్లు మీ అబ్బాయి చేతే పెట్టించండి, మీరు పక్కన కూర్చోండి. నెట్ సెంటర్లో సిస్టమ్ వాడుకున్నా, రిజిస్ట్రేషన్‌కి మాత్రం మీ ఇంటి ఫోన్ నంబరే ఇవ్వాలి. వాళ్ల నంబరు ఇస్తే ఓటీపీ వాళ్లకే వెళుతుంది. తర్వాత ఒక ఆప్షన్ మార్చుకోవాలన్నా వాళ్ల షాపు తెరిచేదాకా ఆగాలి.

ఆప్షన్ల వరసకి చాలా విలువుంది. సీట్ల కేటాయింపు మీ జాబితాని పైనుంచి కిందికి చూస్తూ వచ్చి, మెరిట్‌కి అందిన మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. కింద ఎంత మంచి కాలేజీ ఉన్నా ఇక చూడదు. అందుకే ‘దగ్గర కాలేజీ కదా’ అని ఇష్టంలేని మేజర్‌ని (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టుని) 2వ నంబర్లో పెట్టి, నిజంగా కావాల్సినదాన్ని 9లో పెట్టినవాళ్లకి 2 వచ్చేస్తుంది. ముందు తెల్లకాగితం మీద కాలేజీ, మేజర్ జంటలు వరసగా రాసుకోండి. ఒక్కో జంట దగ్గరా ‘ఇదొక్కటే వస్తే చేరతాడా?’ అని అడగండి. చేరనంటే అది కొట్టేయండి.

ఇక డేటా సైన్స్. పేరులో కంప్యూటర్ వాసన ఉన్నా, అందులో ప్రోగ్రామింగ్ ఎంతో స్టాటిస్టిక్స్ అంత. మీ ఇంటి కరెంటు బిల్లులు ఓ పన్నెండు నెలలవి తీసి ముందు పెట్టండి. సగటు, ప్రామాణిక విచలనం (బిల్లులు సగటుకి ఎంత అటూ ఇటూగా ఉన్నాయో చెప్పే లెక్క) చేత్తో లెక్కకట్టమనండి. తర్వాత అదే లెక్క పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయమనండి. అది రాకపోతే నేర్చుకోడానికి నాలుగు సాయంత్రాలు ఇవ్వండి. మే నెల బిల్లు ఎందుకంత పెరిగిందో తనంతట తనే తవ్వడం మొదలుపెడితే ఆ కోర్సు అతనిదే. లెక్క దగ్గరే పుస్తకం మూసేస్తే మూడేళ్లూ అదే వరస.

2023-24లో పాత మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి మేజర్, మైనర్ పద్ధతి (ఒక సబ్జెక్టు ప్రధానంగా, ఇంకొకటి దానికి తోడుగా) వచ్చాక ఎంపిక ఇంకా బరువైంది. పాత ఎంపీసీ డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ చివరిదాకా నడిచేవి కాబట్టి పీజీకి మూడు దారులుండేవి. ఇప్పుడు వదిలేసిన సబ్జెక్టులో ఎమ్మెస్సీ దారి దాదాపు మూసుకుపోతుంది. అందుకే ఏపీ పీజీసెట్ (పీజీకి), ఎడ్‌సెట్ (బీఈడీకి), ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏలకి) నోటిఫికేషన్లలో అర్హతల పేజీ ఇప్పుడే చదివి, ఆ తర్వాతే మేజర్ ఎంచుకోండి. లెక్కల టీచరు అవ్వాలనుకునే పిల్లాడు డిగ్రీలో మ్యాథ్స్ లేకుండా చేరితే బీఈడీలో మెథడాలజీ, అంటే ఏ సబ్జెక్టు బోధనలో శిక్షణ అన్నది ఎంచుకునే దగ్గర ఆగిపోవచ్చు. ఈ సంగతి చాలామందికి మూడో ఏడాదిలో తెలుస్తోంది, అదే మా బాధ.

కాలేజీకి పనిరోజు ఉదయం పదకొండుకి వెళ్లండి, ల్యాబ్ నడుస్తోందో లేదో కంటికే కనబడుతుంది. ఆ మేజర్‌కి రెగ్యులర్ లెక్చరర్లు ఎందరు, గత ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాదికి ఎందరు వచ్చారు అని అడగండి. కొత్త పేరున్న మేజర్లలో చేరినవాళ్లు మరీ తక్కువైతే కోర్సు నడపలేక వేరేదానికి మారమంటారు. సీటు కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నది నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: బైపీసీ చేశాను. నీట్‌లో సీటు రాలేదు. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేయాలని ఉంది. బయోటెక్నాలజీ తీసుకోవచ్చా?
– విద్యార్థిని, భీమిలి

జవాబు: హాస్పిటల్ ల్యాబ్ అనుకుంటే ఇది తప్పు బస్సమ్మా. రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్‌కి కావాల్సింది ఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా గానీ బీఎస్సీ గానీ. పారామెడికల్ రిజిస్ట్రేషన్ దానికే ఇస్తారు. బయోటెక్నాలజీ డిగ్రీ పరిశోధన వైపు, ఎమ్మెస్సీ వైపు నడిచేది. పేర్లు దగ్గరగా ఉండటంతో ఏటా చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

బైపీసీకి నీట్ ఒక్కటే తలుపు కాదు. అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్, బీఫార్మసీ సీట్లకి ఈఏపీసెట్ (రాష్ట్ర ప్రవేశపరీక్ష) ర్యాంకు ఉంటే కౌన్సెలింగ్ తేదీలు చూసుకో. ఫిజియోథెరపీ, బీఎస్సీ ఎంఎల్‌టీలకి ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ వేరుగా వస్తుంది. ఇవి డిగ్రీ అడ్మిషన్లకన్నా ఆలస్యం కావచ్చు, కాబట్టి ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఇచ్చేముందు వెనక్కి ఎలా ఇస్తారో అడుగు. మామూలు బీఎస్సీయే అయితే కెమిస్ట్రీ మేజర్ గురించి ఆలోచించు. పరవాడ ఫార్మాసిటీలో క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ పనులకి కెమిస్ట్రీ డిగ్రీని అడుగుతారు. షిఫ్టు డ్యూటీలు ఉంటాయి, అదీ ముందే తెలుసుకుని దిగు.

ప్రశ్న: హెచ్‌ఈసీ చదివాను. బీఏ చేస్తే ఉపయోగం లేదంటున్నారు. నిజమేనా?
– విద్యార్థి, మధురవాడ

జవాబు: కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2కీ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌లో చాలా పోస్టులకీ ఏ డిగ్రీ అయినా చాలు, పైగా గ్రూప్-2లో చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికం నువ్వు చదివే పాఠాలే. న్యాయవాద వృత్తి మీద మనసుంటే మూడేళ్ల బీఏ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఇంటర్ తర్వాతే అయిదేళ్ల కోర్సుంది. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి జాతీయస్థాయి ప్రవేశపరీక్ష క్లాట్ రాయాలి, రాష్ట్రంలోని మిగతా లా కాలేజీలకి ఏపీ లాసెట్. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది, పెద్ద పెద్ద పేరాలు గబగబా చదివి జవాబివ్వాలి. రోజుకో ఇంగ్లీషు సంపాదకీయం చదివి, దాని సారం అయిదు వాక్యాల్లో రాయడం ఈ వారమే మొదలుపెట్టు.